బిడ్డ కంటి చుట్టూ నీలం మచ్చ: లేజర్ చేయించాలా, ఎప్పుడు చేయించాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది నర్సంపేట దగ్గర ఊరు. తొమ్మిదేళ్ల బిడ్డకు ఎడమ కన్ను కింద నుంచి చెంప దాకా, పైన కనుబొమ్మ దాటి నుదుటి దాకా పుట్టినప్పటి నుంచి బూడిద నీలం రంగు మచ్చ ఉంది. ఈ రెండేళ్లలో కొంచెం ముదిరినట్టు అనిపిస్తోంది. అదే వైపు కంటి తెల్లగుడ్డులోనూ ఆ రంగు కనిపిస్తోంది. ఒక క్లినిక్‌లో పదిహేను రోజులకొకటి చొప్పున ఆరు సిట్టింగ్‌లు చేస్తే గ్యారంటీగా పోతుందని, డబ్బు మొత్తం ముందే కట్టాలని చెప్పారు. గ్రహణం నాడు మీరు బయటికి వచ్చినందుకే ఇలా అయిందని మీ అత్తమ్మ అంటున్నారు. వచ్చే ఏడు బిడ్డ గురుకులంలో ఐదో తరగతిలో చేరుతుంది, ఆలోపే మచ్చ పోవాలని మీ తొందర. ఇది క్యాన్సర్ అవుతుందేమోనన్న భయం కూడా రాశారు.

నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేస్తున్నాను. బిడ్డను కళ్లారా చూడకుండా ఖాయం చేయకూడదు గాని, మీరు చెప్పిన రంగు, చోటు, కంట్లో మచ్చ, మూడూ కలిపితే ఇది ఓటా మచ్చే అనిపిస్తోంది. డాక్టర్లు నీవస్ ఆఫ్ ఓటా అంటారు. 1939లో జపాన్ డాక్టర్ మసావో ఓటా దీన్ని వివరించాడు, అందుకే ఆ పేరు. ఆసియా దేశాల వాళ్లలో, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలావరకు ముఖానికి ఒకవైపే వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, కొందరికి పెద్దమనిషి అయ్యే వయసులో బయటపడుతుంది. పుట్టుకతో ఉన్నవాళ్లకు కూడా ఆ వయసు దగ్గరపడుతుంటే కొంచెం ముదరడం మామూలే. మీకు అలా అనిపించడంలో వింత లేదు.

ముందు గ్రహణం మాట తేల్చేస్తాను, ఎందుకంటే తొమ్మిదేళ్లుగా మీరు ఆ మాట మోస్తున్నారు. కడుపులో బిడ్డ తయారయ్యే మొదటి నెలల్లో, చర్మానికి రంగునిచ్చే కణాలు వెన్ను భాగంలో పుడతాయి. అక్కడి నుంచి మెల్లగా కదులుతూ చర్మం పైపొరకు చేరాలి. కొన్ని కణాలు చివరిదాకా చేరకుండా లోపలి పొరలోనే ఆగిపోతాయి, ఆగిన చోటే రంగు తయారుచేస్తూ ఉంటాయి. అంతే జరిగింది. మీరు తిన్నదాని వల్ల కాదు, చూసినదాని వల్ల కాదు, బయటికి వచ్చినందుకు కాదు. ఇంట్లో రెండో బిడ్డకు రావడం కూడా చాలా అరుదు. ఈ పేరా అత్తమ్మకు చదివి వినిపించండి. కోడలిని ఇన్నేళ్లు అన్న పెద్దవాళ్లు ఇది విన్నాక నా గదిలోనే కళ్లు తుడుచుకోవడం చూశాను.

రంగు నల్లగా కాక నీలంగా ఎందుకుంది అని కూడా అడిగారు. మన అమ్మమ్మల చేతుల మీద పచ్చబొట్టు గుర్తు తెచ్చుకోండి. పొడిచింది దీపపు మసితో, మసి నల్లన. చర్మం లోపలికి పోయాక అది పచ్చగా, నీలంగా కనిపిస్తుంది, పేరే పచ్చబొట్టు అయింది. గోదావరిఖని వైపు బొగ్గు బావుల్లో పనిచేసినవాళ్లకు దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి ఉండిపోయి నీలం గీతలు మిగులుతాయి, అదీ ఇలాంటిదే. నలుపు లోతులో ఉంటే పైనుంచి చూసే కంటికి నీలంగా తోస్తుంది. మీ బిడ్డ మచ్చ నీలంగా ఉందంటే రంగు లోతులో ఉందని అర్థం. ఇది పనికొచ్చే సంగతి. పైన పూసే ఏ క్రీమూ అంత లోతుకు పోయి దాన్ని తీయలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెలల తరబడి రాస్తే మచ్చ అట్లాగే ఉండి, చుట్టూ ఉన్న మంచి చర్మం పలచబడి, ఎర్రబడి, వెంట్రుకలు వస్తాయి. ఇప్పటికే ఏదైనా రాస్తుంటే ఆ ట్యూబు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇక సున్నం, సోడా కలిపి పెట్టడం, జీడిగింజ రసం అంటించడం గురించి ఎవరైనా చెబితే దయచేసి వినకండి. అవి చర్మాన్ని కాలుస్తాయి. కంటి పక్కన ఆ పని చేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

క్యాన్సర్ భయం గురించి. ఓటా మచ్చ చర్మం మీద క్యాన్సర్‌గా మారడం మనవాళ్లలో చాలా చాలా అరుదు. నేను ఎక్కువ పట్టించుకునేది కంటిని. తెల్లగుడ్డులో రంగు ఉన్నవాళ్లలో కంటి లోపలి నీరు బయటికి పోయే దారిలో కూడా ఆ రంగు కణాలు ఉండవచ్చు. అప్పుడు కంటి ఒత్తిడి పెరుగుతుంది, దాన్నే గ్లకోమా అంటారు. ఓటా మచ్చ ఉన్న పదిమందిలో సుమారు ఒకరికి ఈ ఒత్తిడి సమస్య రావచ్చని వైద్య పుస్తకాలు చెబుతాయి. నొప్పి ఉండదు, బిడ్డకు తెలియదు, చూపు తగ్గాక తెలిస్తే పోయిన చూపు తిరిగి రాదు. అందుకని మచ్చకు లేజర్ చేయించినా చేయించకపోయినా, ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష తప్పదు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి దవాఖాన ఉంది, అక్కడ చూపించవచ్చు. మీకు ఇచ్చిన ఆరు సిట్టింగ్‌ల లెక్కలో కంటి పరీక్ష మాటే లేదు చూడండి, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. కంటి లోపలి రంగుకు లేజర్ చేయరు. ఎవరైనా చేస్తామంటే వెంటనే లేచి వచ్చేయండి.

ఇది చదివే వేరే తల్లిదండ్రుల కోసం ఒక్క మాట. పుట్టుమచ్చ అనే ఒక్క పేరుతో మనం పిలిచేవి పదిరకాలు. లేజర్ వాటిలో కొన్నిటికే. పసిపిల్లల నడుము మీద, పిరుదుల మీద నీలం మచ్చలు చాలామందికి బడికి వెళ్లే వయసు వచ్చేసరికి వాటంతట అవే పోతాయి, వాటిని ముట్టుకోవద్దు. పాలు కలిపిన కాఫీ రంగులో చదునుగా ఉండే మచ్చలు లేజర్‌తో కొందరికి పోతాయి, చాలామందికి తిరిగి వస్తాయి. చిన్నపిల్లల ఒంటి మీద అలాంటివి 5 మిల్లీమీటర్లకంటే పెద్దవి 6 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, లేజర్ సంగతి పక్కన పెట్టి ముందు పిల్లల డాక్టరుకు చూపించండి, నరాలకు సంబంధించిన జన్యు సమస్య ఉందేమో వాళ్లు చూస్తారు. ఎర్రగా, ద్రాక్షరసం ఒలికినట్టు ఉండేది రక్తనాళాల మచ్చ, దాని లేజరే వేరు. మగపిల్లలకు పదమూడు పద్నాలుగేళ్లప్పుడు భుజం మీద వెంట్రుకలతో వచ్చే గోధుమరంగు మచ్చ లేజర్‌కు సరిగ్గా లొంగదు.

పుట్టుమచ్చల్లో ఇంకొకదాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పుట్టుకతో నల్లగా, కొంచెం ఉబ్బెత్తుగా, ఒక్కోసారి వెంట్రుకలతో ఉండే మచ్చ. అందులో ఉండేది రంగు ఒక్కటే కాదు, ఆ కణాలే గుంపులుగా లోతు దాకా ఉంటాయి. లేజర్ పైన రంగు తీస్తుంది, కింద కణాలు అట్లాగే ఉంటాయి. చూసేవాళ్లకు మచ్చ పోయినట్టుంటుంది. తర్వాత ఎప్పుడైనా లోపల చెడు మార్పు మొదలైతే పైకి రంగు కనిపించదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది. పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటేంత పెద్దవి అయితే ఆ ప్రమాదం ఎక్కువ. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన చెంప మీది ఇలాంటి మచ్చకు ఎక్కడో నాలుగుసార్లు లేజర్ చేయించుకున్నాడు. ఏడాదిలోపే రంగు మచ్చలు మచ్చలుగా తిరిగి వచ్చింది. చివరికి ప్లాస్టిక్ సర్జన్ దాన్ని కోసి తీసి పరీక్షకు పంపాడు. అదృష్టం, ఏమీ లేదు. మొదటే ఆ పని చేస్తే నాలుగు సిట్టింగ్‌ల డబ్బు, నెలల తరబడి పడిన టెన్షన్ ఉండేవి కావు. అందుకే లేజర్ కంటే ముందు మచ్చకు సరైన పేరు పెట్టించుకోండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖాన చర్మ విభాగంలో ఓపీ చీటీ రాయించుకుని చూపిస్తే ఆ పని అవుతుంది.

మీ బిడ్డది ఓటా మచ్చే అని తేలితే మంచి వార్త ఏమిటంటే, పుట్టుమచ్చల్లో లేజర్‌కు బాగా లొంగేవాటిలో ఇది ఒకటి. ఎలా పనిచేస్తుందో తెలిస్తే, పదిహేను రోజులకొకటి ఎందుకు తప్పో మీకే అర్థమవుతుంది. వేడి పెనాన్ని వేలితో చటుక్కున తాకి తీస్తే కాలదు, అక్కడే ఆనిస్తే బొబ్బ లేస్తుంది. లేజర్ కిటుకు కూడా ఆ సమయంలోనే ఉంది. రంగు రేణువు చాలా చిన్నది, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దానికి తగిలిన వేడి చుట్టూ పాకేలోపు కాంతి ఆగిపోతే, రేణువు పగులుతుంది, పక్క చర్మం బతుకుతుంది. 1983లో అమెరికాలో డాక్టర్లు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఈ సూత్రాన్ని వివరించారు. దాని మీద తయారైనవే క్యూ-స్విచ్డ్ లేజర్లు. ఒక్కో వెలుగు సెకనులో వంద కోట్లో వంతు లెక్కన ఐదు నుంచి పది వంతులు మాత్రమే ఉంటుంది. మన చామనఛాయ చర్మానికి, లోతుగా ఉన్న రంగుకు, కాంతి తరంగం పొడవు 1064 నానోమీటర్లు ఉండే ఎన్‌డీ యాగ్ లేజర్ సరిపోతుంది. ఆ కాంతి పైపొర రంగును అంతగా పట్టుకోకుండా లోపలికి దిగుతుంది. పికో లేజర్లు 2012 తర్వాత వచ్చాయి, వాటిలో వెలుగు ఇంకా తక్కువసేపు ఉంటుంది. మంచివే, కానీ వాటి కోసం బంగారం కుదువ పెట్టాల్సిన పని లేదు. మామూలు క్యూ-స్విచ్డ్‌తోనే నా దగ్గర చాలామందికి మచ్చ బాగా తగ్గింది.

అసలు పని మాత్రం సిట్టింగ్ రోజున ముగియదు, అక్కడ మొదలవుతుంది. పగిలిన ముక్కలను ఒంట్లోని శుభ్రం చేసే కణాలు మింగి, మెల్లగా మోసుకుపోవాలి. దానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ లోపల మళ్లీ కొడితే కొత్తగా పోయేది తక్కువ, చర్మానికి తగిలే దెబ్బ ఎక్కువ. నేను రెండు నెలలకంటే ముందు రెండో సిట్టింగ్ పెట్టను, ఎక్కువమందికి మూడు నెలలు ఆగుతాను. మొదటిదాని తర్వాత తేడా పెద్దగా కనిపించదు, మూడో దాని నుంచి కళ్లకు తెలుస్తుంది. మొత్తం నాలుగు నుంచి ఎనిమిది అనుకోండి, పది దాటినవాళ్లూ ఉన్నారు. పిల్లలకు పెద్దవాళ్లకంటే తక్కువతో అయిపోవడం చూస్తుంటాం. కొందరికి పూర్తిగా పోతుంది, కొందరికి లేత నీడ మిగులుతుంది. కొద్దిమందికి ఏళ్ల తర్వాత కొంత తిరిగి వస్తుంది. గ్యారంటీ అనే మాట నేను ఎవరికీ ఇవ్వను.

తొందర గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. పదిహేనేళ్ల కింద ఒక అమ్మాయి పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని ఇంట్లోవాళ్లు బతిమిలాడితే, నెలకొకసారి చొప్పున చేశాను. నీలం తగ్గింది. కానీ చెంప మీద చినుకులు పడ్డట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. అవి కలిసిపోవడానికి ఏడాదిన్నర పట్టింది, రెండు మూడు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లి ఫొటోల్లో ఆ చుక్కలు ఉన్నాయి. ఆ తర్వాత ముహూర్తం చూసి నేను ఎవరికీ లేజర్ చేయలేదు.

మీ విషయంలో గురుకులమే ముహూర్తం అయి కూర్చుంది. నిజానికి హాస్టల్ సెలవులు దీనికి చక్కగా కుదురుతాయి. దసరా సెలవుల మొదట్లో ఒకటి, సంక్రాంతికి ఒకటి, మధ్యలో సుమారు మూడు నెలలు. వేసవి సెలవుల సిట్టింగ్ మాత్రం ఆలోచించి పెట్టుకోండి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకు లేజర్ చేసిన చర్మం తట్టుకోదు. బిడ్డ ఇంటి పట్టునే ఉంటుందంటే సరే, మిరప కల్లం దగ్గరికో, పెళ్లిళ్లకో తిరుగుతుందంటే ఆ ఒక్కటి మానేయండి. ఎక్కువ రోజులు ఆగితే నష్టం ఏమీ లేదు. మేడారం జాతర ఏడు అయితే, జాతరకు పోయి వచ్చి ఎండకు నల్లబడ్డ రంగు తగ్గాకే రండి. కమిలిన చర్మం మీద లేజర్ చేస్తే బొబ్బలు లేస్తాయి.

ఇంకో మాట. బిడ్డను అడిగారా? మీ ఉత్తరంలో మీ తొందర ఉంది, అత్తమ్మ మాట ఉంది, పాప ఏమంటుందో లేదు. తొమ్మిదేళ్ల పిల్లకు అన్నీ తెలుస్తాయి. నేను తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోబెట్టి పిల్లతోనే మాట్లాడతాను. బడిలో ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారని, తీసేయమని ఏడ్చిన పిల్లలు ఉన్నారు. నాకేం బాధ లేదు, అమ్మకే బాధ అన్నవాళ్లూ ఉన్నారు. వద్దంటే ఆగండి. పదహారేళ్లకు వచ్చి చేయించుకున్నా ఇది పోతుంది, అప్పుడు రెండు సిట్టింగ్‌లు ఎక్కువ పట్టవచ్చు. ఇష్టం లేని పిల్లను పట్టుకుని కూర్చోబెట్టి చేయించడం మాత్రం నాకు సమ్మతం కాదు. కళ్ల దగ్గర కదిలితే ప్రమాదం కూడా.

సరేనంటే, ఆ రోజు ఎలా ఉంటుందో ముందే చెప్పండి. ముఖం కడుక్కుని, పౌడరు, కాటుక లేకుండా రావాలి. మత్తు క్రీమ్ పూసి పైన ప్లాస్టిక్ కవర్ అంటించి గంటసేపు కూర్చోబెడతారు. తర్వాత తుడిచేసి లేజర్ మొదలుపెడతారు. టప్ టప్‌మని చప్పుడు, రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుకు, కాలిన వెంట్రుక వాసన. తగిలిన చోట ముగ్గుపిండి చల్లినట్టు తెల్లబడుతుంది, పావుగంటలో పోతుంది. అది చర్మం కాలడం కాదు, దెబ్బ రంగుకు తగిలిందనడానికి గుర్తు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ లేజర్‌కు సరిపడే కళ్లద్దాలు ఉండాలి, మీకు కూడా. ఈ కాంతి కంటికి కనిపించదు, కానీ నేరుగా కంటి వెనక పొరను దెబ్బతీయగలదు. రెప్పల మీద చేయాలంటే చుక్కల మందుతో కంటికి మత్తు ఇచ్చి, రెప్ప కింద లోహపు కవచం పెట్టాలి, పైన దూది పెట్టి ప్లాస్టర్ వేస్తే సరిపోదు. చిన్నపిల్లలకు అది కష్టం, దవాఖానలో మత్తు ఇచ్చి చేయాల్సి వస్తుంది. నేనైతే ముందు చెంప, నుదురు చేసి, రెప్పలను కొంచెం పెద్దయ్యాకే చేస్తాను.

మర్నాడు పొద్దున కన్ను ఉబ్బి ఉంటుంది, గాబరా పడకండి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. చల్లటి తడిబట్ట పెట్టండి. వాజలిన్ పలుచగా రాయండి. సన్నని పక్కు కడుతుంది, వారం పది రోజుల్లో రాలుతుంది, గిల్లనివ్వకండి. పసుపు, టూత్‌పేస్టు, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, ఏవీ వద్దు. నెల తిరిగేసరికి మచ్చ ఇంతకుముందుకంటే నల్లగా కనిపించవచ్చు. చాలామంది తల్లులు ఇక్కడే భయపడి డాక్టరును మార్చేస్తారు. అది దెబ్బ తగిలిన చర్మం చేసుకునే తాత్కాలిక నలుపు, రెండు మూడు నెలల్లో దిగుతుంది. ఎండ తగిలితే దిగదు. ఎస్పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖం, మెడకు రాయాలి, మధ్యాహ్నం ఇంకోసారి. హాస్టల్లో పొద్దున ప్రార్థన ఎండలోనే జరుగుతుంది కాబట్టి, వార్డెన్‌కు డాక్టరు చీటీ ఇవ్వండి, నీడలో నిలబెట్టమని, ఆటల పీరియడ్‌లో టోపీ పెట్టుకోనివ్వమని. అడిగితే ఎవరూ కాదనరు.

క్లినిక్‌కు వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా అడగండి. చేసేది ఎవరు, చర్మవ్యాధుల్లో పీజీ చేసినవాళ్లేనా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా. మెషీన్ క్యూ-స్విచ్డ్ లేదా పికో అవునా. వెంట్రుకలు తీసే లేజర్ కాంతి సెకనులో వెయ్యో వంతుల లెక్కన, అంటే చాలా ఎక్కువసేపు నిలుస్తుంది, దానితో ఈ మచ్చకు కొడితే పెనం మీద వేలు ఆనించినట్టే. చెవి దగ్గర చిన్న చోట ముందు పరీక్షగా చేసి, ఆరు ఎనిమిది వారాలు ఆగి చూస్తారా అని అడగండి. ప్రతిసారీ అదే వెలుగులో ఫొటో తీస్తారా అడగండి. డబ్బు సిట్టింగ్‌కు సిట్టింగ్‌కు కట్టండి. మొత్తం ముందే కట్టినవాళ్లు పని నచ్చకపోయినా మధ్యలో ఆపలేకపోతారు.

పదో తరగతి మెమోలో గుర్తింపు మచ్చగా రాయించాలా అని కూడా అడిగారు. వద్దు, చేతి మీద చిన్న పుట్టుమచ్చ ఏదైనా రాయించండి.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే, కంటి పరీక్ష. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. రెండు కళ్లకూ విడివిడిగా కొలిచి, రెండు అంకెలూ చీటీ మీద రాసివ్వమని అడగండి. కంటి వెనకున్న నరం కూడా చూడమనండి. ఆ అంకెలు నాకు రాయండి, పాప ఏమందో కూడా రాయండి. ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.